సావధాన్ అంటే బిగుసుకుపోవడమా?

బస్తర్ రాకముందు నేను పనిచేసిన ఒక ఊళ్లో, ఉదయం అసెంబ్లీలో ఏడో తరగతి అమ్మాయి నిలబడ్డచోటే కుప్పకూలింది. ఆ రోజు ఎవరో అతిథి వచ్చారు, ఉపన్యాసం సాగుతోంది. అంతకు కాసేపటి ముందు ఆ పిల్ల ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ ఉంటే, వెనకనుంచి వెళ్లి "కదలకు, నిటారుగా నిలబడు" అని గదమాయించింది నేనే. పిల్ల నా మాట విన్నది. మోకాళ్లు బిగబట్టి, చేతులు పక్కలకు అదిమి, బొమ్మలా నిలబడింది. పది నిమిషాలు తిరక్కుండా ముందుకు పడిపోయింది. గడ్డం కింద మూడు కుట్లు పడ్డాయి.

పొద్దున ఏమీ తినకుండా వచ్చిందని అందరూ తేల్చారు. తినలేదు, నిజమే. కాని ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నదాన్ని బట్టి, నా మాట వినకుండా ఉంటే ఆ పిల్ల పడేది కాదేమో అనిపిస్తుంది. మనం నిలబడినప్పుడు రక్తం కాళ్లలోకి దిగుతుంది. దాన్ని తిరిగి పైకి తోయడానికి గుండె ఒక్కటే చాలదు, పిక్కల కండరాలు సాయం పట్టాలి. అవి బిగిసి సడలుతూ ఉంటేనే సిరల్లోని రక్తం పైకి ఎక్కుతుంది. కదలకుండా బిగుసుకుపోతే ఆ పని తగ్గిపోయి, తలకు అందే రక్తం తగ్గి, కళ్లు తిరుగుతాయి. ఆ పిల్ల కాళ్లు మార్చుకుంటున్నది అల్లరితో కాదు. తనను తాను కాపాడుకుంటోంది. అది నాకు అప్పుడు తెలియలేదు.

ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. మన బడుల్లో మంచి భంగిమ అంటే కదలకపోవడం అనే అభిప్రాయం ఒకటి పాతుకుపోయింది. సావధాన్ అనగానే రాయి అయిపోవాలి, బెంచీ మీద కూర్చుంటే మేకు కొట్టినట్టు ఉండాలి. ఇది తప్పని నా వాదన. భంగిమ ఉన్నది కదలికను ఆపడానికి కాదు, కదలికకు సిద్ధంగా ఉంచడానికి.

నమ్మకం కలగకపోతే ఇప్పుడే ఒక పరీక్ష చేసి చూడండి. గోడ పక్కన నిలబడి, కుడి పాదం అంచూ కుడి భుజమూ గోడకు పూర్తిగా ఆనించండి. ఇప్పుడు ఎడమ కాలు పక్కకు ఎత్తండి. ఎత్తి నిలబడలేరు. కాల్లో బలం లేక కాదు. ఎడమ కాలు ఎత్తాలంటే ముందుగా ఒళ్లంతా కొంచెం కుడి వైపు జరిగి, బరువును కుడి పాదం మీదికి తెచ్చుకోవాలి. గోడ ఆ జరుగుబాటును అడ్డుకుంది. రోజూ వేల అడుగులు వేస్తూ ఈ జరుగుబాటు చేస్తూనే ఉంటాం, ఒక్కసారి కూడా గమనించం.

1967లో సోవియట్ శాస్త్రజ్ఞులు దీన్ని కండరాల విద్యుత్ సంకేతాలతో కొలిచి చూపించారు. నిలబడ్డ మనిషిని చెయ్యి గబుక్కున పైకెత్తమన్నారు. భుజం కండరం పని మొదలుపెట్టక ముందే కాలి వెనక కండరం పని మొదలుపెట్టింది! చెయ్యి లేస్తే ఒళ్లు తూలుతుందని మెదడు ముందే లెక్కగట్టి, కాలికి కబురు పంపేసిందన్నమాట. తూలాక సర్దుకోవడం ఒక విద్య. తూలకముందే సర్దుకోవడం ఇంకో విద్య. మనకు రెండూ ఉన్నాయి. చిన్నమెదడు ఈ లెక్కల్లో పెద్ద పని చేస్తుంది. మనం బాగా "నిశ్చలంగా" నిలబడ్డామనుకున్నప్పుడు కూడా ఒళ్లు చీలమండల మీద ముందుకూ వెనక్కూ సన్నగా ఊగుతూనే ఉంటుంది. గరిమనాభి పాదాల చోటు దాటి బయటికి పోకుండా కండరాలు క్షణక్షణం లాగుతూ ఉంటాయి.

ఈ లెక్కలకు కావలసిన సమాచారం మూడు చోట్లనుంచి వస్తుంది. కళ్లు, లోపలి చెవి, ఇక పాదాలు, కండరాలు, కీళ్లు. ఈ మూడింటినీ పాఠ్యపుస్తకంలో బొమ్మగా చూడటం కంటే మన కిరండూల్ రైల్లో చూడటం తేలిక. మీలో చాలామంది సెలవులకు విశాఖపట్నం వెళ్లేది ఆ దారినే కదా. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఉన్న ఆ లైనులో 58 సొరంగాలున్నాయి. అరకు ఘాట్‌లో వంపు మీద వంపు. ఈసారి కాసేపు పెట్టె నడవలో నిలబడి చూడండి. కాళ్లు దగ్గరగా పెట్టి మోకాళ్లు బిగబడితే మొదటి వంపుకే పక్కవాళ్ల మీద పడతారు. కాళ్లు ఎడంగా పెట్టి మోకాళ్లు కొంచెం వదిలితే రైలు ఎటు ఊగినా నిలబడగలరు. టీ కెటిల్ పట్టుకుని పెట్టెలన్నీ తిరిగే మనిషిని గమనించండి, ఆయన నడుము పైభాగం దాదాపు తొణకదు, కింద మోకాళ్లూ చీలమండలూ మాత్రం ఒక్క క్షణం ఊరుకోవు. సావధాన్‌కు నేను చెప్పే అర్థం ఆయన కాళ్లలో ఉంది. (చేతిరైలింగు పట్టుకోవడం మాత్రం మరవకండి, తలుపు దగ్గరికి అసలే వెళ్లకండి.)

జగదల్‌పూర్ స్టేషన్‌లో మన బండి ఆగి ఉండగా, పక్క లైనులో బైలాడిలా ఇనుపఖనిజం నింపుకున్న గూడ్సు కదిలితే మన బండే కదిలినట్టు అనిపిస్తుంది. కన్ను కదిలామంటోంది, చెవీ పాదాలూ కదల్లేదంటున్నాయి. ఆ రెండు మూడు క్షణాల తికమకే దీనికి సాక్ష్యం. చెవి సంగతికొస్తే, ఒప్పులకుప్ప ఆడినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకార నాళాలు, మూడూ మూడు దిక్కులకు అమరి ఉంటాయి. వాటిలో ద్రవం ఉంటుంది. గిర్రున తిరిగి ఆగితే ఒళ్లు ఆగుతుంది గాని ఆ ద్రవం వెంటనే ఆగదు. అందుకే ఆట అయిపోయాక కూడా బడి తిరుగుతూ కనిపిస్తుంది.

ఇక కంటిచూపు లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవాలంటే కాంగేర్ లోయలోని కోటుమ్సర్ గుహ ఉంది. కిందటిసారి పిల్లలతో వెళ్లినప్పుడు, లోపల చదునుగా ఉన్న ఒకచోట గైడును అడిగి లైట్లన్నీ ఆర్పించాం. అంత చీకటిని నేను ఎప్పుడూ చూడలేదు ("చూడలేదు" అనడం కూడా తప్పేనేమో). మొదట అందరూ నవ్వారు. కాసేపటికి నవ్వు ఆగి, ఒకరి చెయ్యి ఒకరు వెతుక్కోవడం మొదలైంది. నిలబడే ఉన్నాం, అయినా నేల వాలిపోతున్నట్టు ఉంది. పక్కవాళ్ల వేలు తగలగానే సర్దుకుంది. దీని మీద కూడా 1994లో జెకా, లాక్నర్ అనే పరిశోధకులు అచ్చయిన ఒక పని చేశారు. వేలికొన ఒక స్థిరమైన వస్తువుకు ఊరికే తగిలితే చాలు, మన బరువును ఏమాత్రం మోయలేనంత తేలికగా తగిలినా సరే, ఒంటి ఊగు తగ్గుతుందని వాళ్లు చూపారు. ఆ తాకిడి మనల్ని మోయదు, మనం ఎక్కడున్నామో చెబుతుంది, అంతే. అంధులు వాడే చేతికర్ర చేసే పనుల్లో ఇదీ ఒకటి.

ఇదంతా సైన్సు టీచరు చెప్పాల్సింది, తెలుగు టీచరుకెందుకంటారా? నాకు ఈ ఆలోచన కుదిరింది పుస్తకం వల్ల కాదు. గేడీ వల్ల.

బస్తర్‌లో మీరు కొత్తవాళ్లయితే, వానలు దిగిన కొన్నాళ్లకు వచ్చే అముస్ తిహార్ దాకా ఆగండి. ఛత్తీస్‌గఢ్ మైదానాల్లో దీన్నే హరేలీ అంటారు. ఇక్కడివాళ్లు శ్రావణ అమావాస్య అంటారు, మన పంచాంగంలో అదే ఆషాఢ అమావాస్య. వీళ్ల నెల పున్నమితో ముగుస్తుంది, మన నెల అమావాస్యతో ముగుస్తుంది, అందుకే ఒకే రోజుకు రెండు పేర్లు. డెబ్భై అయిదు రోజుల బస్తర్ దసరాకు పాట్ జాత్రాతో తొలి అడుగు పడేదీ ఆ రోజే. ఆ పండుగ రోజుల్లోనే పిల్లలు గేడీలు ఎక్కుతారు. రెండు వెదురు గడలు, వాటికి ఒకే ఎత్తున కట్టిన వెదురు పాదపీటలు, కట్టుకు కొబ్బరితాడు. కట్టు మీద కొందరు కిరసనాయిలు పోస్తారు, నడుస్తుంటే రచ్ రచ్ మని చప్పుడు రావాలని! వానాకాలపు బురద కాలికి అంటకుండా వీధి దాటడానికి పనికొచ్చే సాధనం ఇది, ఆటా అయింది. మురియా యువకుల చేతిలో, కాదు కాదు కాళ్ల కింద, నాట్యమూ అయింది. వాళ్లు గేడీలెక్కి వరస తప్పకుండా గుండ్రంగా తిరుగుతూ, తాళానికి గెంతుతూ ఆడతారు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్ మొదలుపెట్టినప్పుడు గేడీ పందెం కూడా అందులో పెట్టింది.

నేను ఇక్కడికొచ్చిన మొదటి వానాకాలం, మా క్వార్టర్ల వెనక వీధిలో ఒక అబ్బాయి గేడీల మీద పోతుంటే అడిగి ఎక్కాను. చిన్నప్పుడు సైకిలు నేర్చుకున్నదాన్ని, ఇదెంత అనుకున్నాను. ఎక్కాను, కిందికి చూశాను, కదలకుండా నిలబడదామని బిగపట్టాను, పడ్డాను. మళ్లీ ఎక్కాను, ఇంకా గట్టిగా బిగపట్టాను, ఇంకా తొందరగా పడ్డాను. మూడోసారి ఆ అబ్బాయి నవ్వు ఆపుకుని, "మేడమ్, నిలబడకండి, నడవండి. నిలబడితే పడతారు" అన్నాడు. గడల వంక కాకుండా దూరంగా ఉన్న చింతచెట్టు వంక చూడమన్నాడు. రెండు చిన్న అడుగులు, మళ్లీ రెండు. అక్కడక్కడే అడుగులు మారుస్తూ ఉన్నంతసేపు నిలబడగలిగాను. ఆపగానే పడ్డాను.

ఇంటికొచ్చి మోకాలికి పసుపు రాసుకుంటూ ఉంటే ఆ ఏడో తరగతి అమ్మాయి గుర్తొచ్చింది. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి.

గేడీ మీద ఇలా ఎందుకవుతుందో ఊహించడం కష్టం కాదు. పాదం అయితే నేల మీద ఇంత వెడల్పున పరుచుకుంటుంది. మడమనుంచి వేళ్ల దాకా బరువును అటూ ఇటూ జరపడానికి చోటు ఉంటుంది. వెదురు గడ కొన అయితే రూపాయి బిళ్లకంటే కాస్త పెద్దది. ఒళ్లు ఏ కొంచెం వాలినా గరిమనాభి ఆ కొనల మధ్యనుంచి బయటికి పోతుంది. దాన్ని వెనక్కి లాగే చోటు లేదు కాబట్టి, కొననే అది పోతున్న వైపు జరపాలి. అంటే అడుగు వెయ్యాలి. నేల మీద మనం గుట్టుగా చేసే పనిని గేడీ నలుగురికీ కనిపించేలా చేయిస్తుంది. "పరుగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్లు తాగడం మేలు" అని మన సామెత. సామెత చెప్పేది వేరే సంగతి, ఒప్పుకుంటాను. అయినా గేడీ ఎక్కినవాళ్లకు నిలబడి నీళ్లు తాగే వీలు ఉండదు.

మన తెలుగువాళ్లకూ ఇలాంటి విద్యలు కొత్తవి కావు. కూచిపూడి తరంగంలో నర్తకి ఇత్తడి పళ్లెం అంచు మీద పాదాలు పెట్టి, కాలివేళ్లతో పళ్లేన్నే జరుపుకుంటూ తాళం నడుపుతుంది. కొన్నిసార్లు తల మీద నీళ్ల చెంబు కూడా ఉంటుంది. బోనాల్లో తల మీద బోనం, గోదావరి జిల్లాల్లో గరగ. ఇక్కడి వారపు సంతకు మైళ్ల దూరంనుంచి తల మీద గంపతో వచ్చే ఆడవాళ్లను, కాంవర్ భుజాన వేసుకుని వచ్చే మగవాళ్లను చూడండి. కాంవర్ అంటే మన కావడే. వెదురు బద్ద అడుగడుక్కీ వంగి లేస్తుంది, ఆ ఊపు భుజం మీద పడే దెబ్బను మెత్తబరుస్తుంది. మనిషి తన అడుగును ఆ ఊపుకు కలుపుకుంటాడు. తల మీద చుట్టకుదురు, దాని మీద గంప, మెడ నిలువుగా, కాని నడుమూ కాళ్లూ ఎంత సులువుగా కదులుతాయో! వాళ్లలో ఒక్కరూ సావధాన్‌లో లేరు.

కెన్యాలో తల మీద బరువులు మోసే స్త్రీలను పరిశీలించి, తమ బరువులో అయిదో వంతు దాకా మోస్తున్నా వాళ్లకు మామూలు నడక కంటే ఎక్కువ శక్తి ఖర్చు కావడం లేదని 1986లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. తర్వాత దక్షిణాఫ్రికాలో చూసినప్పుడు అందరిలోనూ ఆ ఆదా కనిపించలేదు. కాబట్టి దీన్ని మంత్రంలా చెప్పుకోకూడదు. ఏళ్ల తరబడి తలబరువు మోసేవాళ్లకు మెడనొప్పి వస్తుందన్నదీ నిజం. వాళ్ల నేర్పును మెచ్చుకోవడం వేరు, వాళ్ల బరువును మెచ్చుకోవడం వేరు. సంతకు ఆటో వస్తే వాళ్లు ఆటో ఎక్కుతారు, ఎక్కాలి కూడా.

బరువు మాట వచ్చింది కనక మీ సంచీల సంగతి. 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం సంచీ బరువు పిల్లల బరువులో పదో వంతు మించకూడదు. మీలో కొందరి సంచీ నేను ఎత్తబోయి మానుకున్నాను. ఒకే భుజాన వేసుకుని అటు వాలి నడిచేవాళ్లకు మాత్రం నేను ఏమీ చెప్పను. రెండు పట్టీలు రెండు భుజాలకని మీకు తెలుసు.

నా అభ్యర్థన మన బడికి, మన టీచర్లకు, అందులో నాకూ. పిల్లలు రోజుకు ఎనిమిది పీరియడ్లు కూర్చుంటారు. వాళ్లు వంగి కూర్చుంటే "నిటారుగా కూర్చో" అంటాం. నిటారుగా కూర్చున్నా అరగంట అలాగే ఉంటే నడుము మొరాయిస్తుంది. వంగడం కన్నా అలాగే ఉండిపోవడం ఎక్కువ ఇబ్బంది. అసెంబ్లీలో పాదాలు కొంచెం ఎడంగా, మోకాళ్లు వదులుగా పెట్టుకుని, బూట్ల లోపల వేళ్లు కదుపుకోనివ్వండి. జాతీయగీతం యాభై రెండు సెకన్లు. అంతసేపు ఏ పిల్లయినా గౌరవంగా నిలబడగలదు. నేను అడుగుతున్నది ఆ మిగతా ఇరవై నిమిషాల గురించి.

నా సహోద్యోగి ఒకాయన, అనుభవం ఉన్నవారు, నాతో ఏకీభవించరు. "నలభై మందిని వదులుగా నిలబడమంటే పది నిమిషాల్లో సంత అవుతుంది మేడమ్, క్రమశిక్షణ కూడా ఒక శిక్షణే కదా" అన్నారు. ఆయన మాటలో నిజముంది. మా తరగతిలో పద్యాలు లేచి, బెంచీల మధ్య నడుస్తూ వల్లె వేయిస్తాను. మొదటి వారం నిజంగానే సంత అయింది. రెండో వారానికి సర్దుకుంది. పద్యానికి నడక అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఉత్పలమాలను అడుగులతో తొక్కి చూసిన పిల్లవాడు గురువు ఎక్కడో లఘువు ఎక్కడో మరిచిపోవడం నేను చూడలేదు. ఆయన మరో మాట కూడా అన్నారు, గేడీ ఎక్కి ఎవరైనా పడి చెయ్యి విరిగితే జవాబు ఎవరు చెప్పాలి అని. దానికి నా దగ్గర ఉన్న జవాబు ఎత్తు తగ్గించడమే. నేర్చుకునేవాళ్ల పాదపీట జానెడు ఎత్తు చాలు, పడితే నేల మీద కాలే పడుతుంది. సిమెంటు మీద కాదు, గడ్డి మీద. పరీక్షల ముందు ఆటల పీరియడ్‌ను లెక్కల టీచరుకు (ఒక్కోసారి తెలుగు టీచరుకు కూడా, ఒప్పుకుంటున్నాను) అప్పగించే అలవాటు మనకు ఉన్నంత కాలం, పిల్లలు పడకుండా ఉండటం ఎక్కడ నేర్చుకోవాలి?

మీ గురించి ఒక మాట. మీరు రెండు మూడేళ్లకోసారి బడి మారతారు. ఇది నాకు అయిదో పోస్టింగు, ఆ సంగతి నాకు బాగా తెలుసు. కొత్త బడిలో మొదటి నెల పిల్లలు ఎలా నిలబడతారో నేను ప్రతి ఏడూ చూస్తున్నాను. భుజాలు చెవుల దగ్గరికి, చేతులు సంచీ పట్టీల మీద, ఒళ్లంతా బిగువు. ఆ బిగువు చూసి, ఈ పిల్ల ఎంత క్రమశిక్షణగా ఉందో అని మురిసిపోయిన టీచర్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు అలా మురిసిపోను. కొత్తగా వచ్చిన పిల్లను మొదటి వారంలోనే గేడీ దగ్గరికి తీసుకెళ్తాను. స్థానిక పిల్లలు రెండు పక్కలా చేరి, చెయ్యి పట్టుకోకుండా, మోచేతికి వేలు ఆనించి నడిపిస్తారు. భాష రానివాళ్లకు కూడా "చల్, చల్" అర్థమవుతుంది.

ప్రస్తుతం రెండు జతల గేడీలు ఆటసామాను గదిలో, తలుపు వెనక ఉన్నాయి. ఒక జతకు పాదపీట జానెడు ఎత్తులో కట్టాం, రెండోది మూరెడు. చిన్నదాని ఎడమ గడకు తాడు వదులైంది, ఎక్కేముందు బిగించి చూసుకోండి. వ్యాయామ ఉపాధ్యాయుల్ని అడిగి తీసుకోండి, శనివారం నాలుగో పీరియడ్ తర్వాత నేనూ అక్కడే ఉంటాను. మూరెడు గేడీ నాకింకా రాలేదు.